కుదురు మేస్త్రి తిప్పిన పావు చుట్టు

ఆయన్ని కుదురు మేస్త్రి అంటారు కదా అని నింపాదిగా ఉండే మనిషిని ఊహించుకోకండి. ఎగతాళికి పెట్టిన పేరది. రేవు పక్కన పడవలు బాగుచేసే షెడ్డులో ఆయన చేరిన కొత్తలో, అక్కడి పెద్ద వడ్రంగి ఈయన అటూ ఇటూ తిరగడం చూసి చూసి విసిగిపోయి, "కుండ కింద పెట్టే కుదురు ఒకటి తెచ్చి ఈయన్ని అందులో కూర్చోబెట్టండ్రా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడట. ఆ వడ్రంగి ఎప్పుడో పని మానేశాడు గానీ పేరు మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు జీతాలిచ్చే గుమాస్తాక్కూడా ఆయన అసలు పేరు చప్పున గుర్తుకు రాదు.

నిజానికి ఆయన తప్పేం లేదు, కాళ్ళు ఆగవు, అంతే. భోజనానికి కూర్చుంటే రెండు ముద్దలు తిని లేచి కుళాయి కట్టానా లేదా అని చూసొస్తాడు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి ఆ తాళం పట్టుకుని లాగుతాడు. పెళ్ళి ఫొటోలో కూడా ఆయన ముఖం అలికేసినట్టుంటుంది. సరిగ్గా బొమ్మ తీసే క్షణంలో వెనక లైటు స్టాండు పడిపోతుందేమోనని తల తిప్పాడు మహానుభావుడు. వాళ్ళావిడ ఆ ఫొటోను ముందుగది గోడకు తగిలించి, "నేను ఎవర్ని చేసుకున్నానో నాకే తెలీదు, ముఖం కనబడితేగా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

పనిలో మాత్రం ఈ గుణమే ఆయనకు అన్నం పెట్టింది. పడవ అడుగున కన్నం వేసే పని ఎవరికీ ఇష్టం ఉండదు. తేలాల్సిన వస్తువుకు చేజేతులా చిల్లు పెట్టాలంటే ఎంత అనుభవం ఉన్నవాడైనా వెనకాడతాడు. ఒకటికి పదిసార్లు చూసుకునే మనిషి కాబట్టి అలాంటి పనులన్నీ తిరిగి తిరిగి కుదురు మేస్త్రి దగ్గరికే వచ్చేవి. ఆ షెడ్డులో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. నీటిమట్టానికి కింద ఎవడు నట్టు బిగిస్తే వాడే, పడవ నీళ్ళలోకి దిగిన రోజున ఆ నట్టు పక్కన కూర్చోవాలి. చేతిలో పాత పేపరు ముక్క ఉండాలి. దాన్ని నట్టు చుట్టూ అద్ది, పైకి ఒక్క మాట అరవాలి. పొడి అనో, తడి అనో. కొంచెం తడిలాగుంది, చెమ్మేమో, చూద్దాం అనే నసుగుడు మాటలు అక్కడ చెల్లవు. పొడి అన్న మాట వినబడేదాకా పైన సరంగు, అంటే పడవ నడిపే మనిషి, తాడు విప్పకూడదు. కుదురు మేస్త్రి తన సర్వీసు మొత్తంలో పొడి అని తప్ప ఇంకో మాట అరిచి ఎరగడు. ఈ సంగతి తనంతట తాను ఎవరికీ చెప్పుకోడు గానీ, ఎవరైనా చెబుతుంటే మాత్రం కదలకుండా నిలబడి వింటాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయే లాంచీ సరంగు. ఏరు సముద్రంలో కలిసేచోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్ని దాటించే లాంచీ అది. రేవులో అందరూ ఆమెను సరంగమ్మ అంటారు. తండ్రి కాళ్ళలో ఉన్న చురుకు ఆమెకు చేతుల్లో వచ్చింది, కానీ అది ఎక్కడ ఆపాలో తెలుసు. ఆ తెలివి తల్లిది. కూతురు చుక్కాని పట్టిన మొదటిరోజు నుంచీ కుదురు మేస్త్రి షెడ్డుకు వెళ్ళేముందు రేవుకొచ్చి, తాళ్ళు లాగి చూసి, నీళ్ళు తోడే పంపు ఆన్ చేసి చూసి, లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ తట్టి చూసేవాడు.

"నాన్నా, జనం నవ్వుతున్నారు. నువ్వెళ్ళు" అనేది ఆమె పళ్ళ మధ్య నుంచి.

"నవ్వనీ. ఆ పంపు స్విచ్చి కొంచెం వదులుగా ఉంది, చూశావా?"

"చూశాను. రోజూ చూస్తాను. అది నా పని."

"నీ పనే. నేను కాదన్నానా?" అంటూనే ఆయన స్విచ్చి మరలు బిగించేవాడు. ఆమె ముఖం మాడ్చుకుని ఇంజను స్టార్టు చేసేది.

ఏటి అడుగున ఇసుక మేట ఒకటి ఉంది. అది ఒక చోట ఉండేది కాదు, వరద వచ్చినప్పుడల్లా జరుగుతూ ఉంటుంది. నిన్న నిండుగా నీళ్ళున్న దారిలో ఇవాళ మోకాలి లోతే ఉండొచ్చు. ఒక పొద్దున ఆస్పత్రి నర్సులందర్నీ ఎక్కించుకుని పోతూ సరంగమ్మ లాంచీ ఆ మేట ఎక్కింది. ఎవరికీ ఏం కాలేదు. నర్సులు చెప్పులు చేత పట్టుకుని, తిట్టుకుంటూ, నీళ్ళలో నడిచి ఒడ్డు చేరారు. కానీ లాంచీ యజమాని ఒంటికాలి మీద లేచాడు. ఆమెను చుక్కాని దగ్గర్నుంచి తీసి టికెట్ల గదిలో కూర్చోబెట్టి, లాంచీని ఇంకో సరంగుకు అప్పగించాడు.

ఆమె ఊరుకుంటేగా! యజమాని గదిలోకి వెళ్ళి నిలబడింది. "నీళ్ళ కింద ఏముందో చూడ్డానికి నాకేం కళ్ళున్నాయి సార్? లోతు చెప్పే యంత్రం పెట్టించండి. అది పెట్టాక కూడా నేను మేట ఎక్కితే, టికెట్ల గదిలో నేనే తలుపేసుకుని కూర్చుంటా."

యజమాని ఆమెను ఎగాదిగా చూశాడు. "సరే. లాంచీని షెడ్డుకెక్కిస్తా, ఈలోగా నా చిన్న పడవ తిప్పిస్తా. నేను చెప్పిన రోజుకల్లా యంత్రం పెట్టించు. లాంచీ మళ్ళీ దిగే రోజు నేనే వచ్చి నీ పక్కన నిలబడతా. సాఫీగా వెళ్ళొస్తే చుక్కాని నీది. ఏ చిన్న తేడా వచ్చినా ఇంక ఆ ఊసు నా దగ్గర ఎత్తకు."

ఇంకేముంది, పని షెడ్డుకొచ్చింది, షెడ్డులో ఎవరి చేతికి రావాలో వాళ్ళ చేతికే వచ్చింది. ఆ రోజు నుంచి కుదురు మేస్త్రికి కాలు నేలమీద నిలిస్తే ఒట్టు.

ఆ యంత్రానికి రెండు భాగాలు. ఒకటి చుక్కాని దగ్గర పెట్టే చిన్న తెర, అందులో లోతు అంకెలు కనబడతాయి. రెండోది పడవ అడుగున కన్నం వేసి బిగించే కంచు ముక్క. అది కిందికి శబ్దం పంపి, నేలకు కొట్టుకుని వెనక్కొచ్చేదాన్ని వింటుంది. పెట్టె మీద దానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ, కింద గుండ్రటి తల, పైన మరలున్న కాడ ఉన్నాయి కాబట్టి షెడ్డులో అందరూ గొడుగు అనేవాళ్ళు.

ఎక్కడ పెట్టాలన్నదాని మీదే తండ్రీకూతుళ్ళకు మొదటి రగడ. ఆయన ఇంజనుకు దగ్గరగా పెడదామన్నాడు, మనిషి కూర్చుని చూసుకోవడానికి వీలుగా ఉంటుందని. "అక్కడ నీళ్ళలో బుడగలు లేస్తాయి నాన్నా, బుడగలుంటే దానికి ఏమీ వినబడదు. ఇంకా ముందుకు, నీళ్ళు నున్నగా పారే చోట పెట్టాలి" అందామె. ఆయన లాంచీ కిందికి దూరి, అడుగంతా అరచేత్తో తడిమి, బయటికొచ్చి, మళ్ళీ దూరి, చివరికి ఆమె చెప్పిన చోటే సుద్దతో గుర్తు పెట్టాడు. పెట్టి, "నేనూ అదే అనుకున్నా" అన్నాడు. ఆమె నవ్వాపుకుంది.

లాంచీ అడుగు చదునుగా ఉండదు, నడిమి నుంచి పక్కలకు వాలుగా లేస్తుంది. గొడుగును ఆ వాలుకు అలాగే బిగిస్తే అది కిందికి కాక పక్కకు చూస్తుంది. అందుకని గట్టి చెక్క దిమ్మను ఆ వాలుకు సరిపడా ఏటవాలుగా రెండుగా కోసి, ఒక సగం బయట, ఇంకో సగం లోపల పెట్టి మధ్యలో గొడుగు కాడ దూర్చాలి. ఆయన ఆ దిమ్మను కోసి, గీకి, పెట్టి చూసి, తీసి, మళ్ళీ గీకాడు. రసమట్టం తెచ్చి గొడుగు తల మీద పెట్టి, అందులో బుడగ నడిమికి వచ్చేదాకా వదల్లేదు. తరవాత డ్రిల్లుకు గుండ్రటి రంపం తగిలించి, లాంచీ కింద వెల్లకిలా పడుకుని, కళ్ళద్దాల మీద పొడి రాలుతుండగా కన్నం వేశాడు. ఏ లోపమూ లేని ఆ అడుగులోంచి గుండ్రటి బిళ్ళ ఊడి గుండె మీద పడింది. కన్నంలోంచి పైన కూతురి ముఖం కనబడింది. "బాగుంది నాన్నా, అంచు నున్నగా వచ్చింది" అందామె. ఆయన మాత్రం ఆ అంచును వేలితో మళ్ళీ మళ్ళీ తడిమాడు. ఎన్నో లాంచీలకు కన్నాలు వేశాడు. ఏదీ కన్నకూతురు నిలబడే చోటికి కింద వేసింది కాదు.

కన్నం అంచుకు నీళ్ళు ఇంకకుండా రెసిన్ జిగురు పూసి ఆరబెట్టారు. గొడుగు తల కిందా, కాడ చుట్టూ, చెక్కలకూ తెల్ల బంక దట్టంగా పట్టించారు. ఆయన కింద నుంచి గొడుగు నొక్కి పట్టుకుంటే, ఆమె పైన లోపలి చెక్క పెట్టి నట్టు తిప్పింది. బంక అంచుల నుంచి సమంగా ఉబికింది. ఇప్పుడాయన పైకెక్కి పానాతో ఆఖరి బిగింపు బిగించాడు. బంక పూర్తిగా పిండుకుపోకుండా, మధ్యలో పలచటి పొర మిగిలేలా బిగించాలి. ఆ పొర గట్టిపడ్డాక అదే నీళ్ళను ఆపుతుంది. నట్టు ఆపదు. అందుకే ఆరేదాకా దాన్ని ముట్టుకోకూడదు. సగం ఆరాక కదిపితే పొర చినిగిపోతుంది. ఈ ముక్క షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేది కుదురు మేస్త్రే.

"నాన్నా" అంది సరంగమ్మ చేతులు తుడుచుకుంటూ. "ఒక్కటే అడుగుతున్నా. ఇంక దీని జోలికి రాకు. నీకు దణ్ణం పెడతా."

"నాకు తెలీదేమిటే?"

"నీకు తెలుసు. నీ చేతులకు తెలీదు."

ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుని ఇంటికెళ్ళి ఆ కోపంలో కుళాయి బిగించి, దాని పిడి విరగ్గొట్టాడు. "ఇంట్లో ఇంకేమైనా మిగిలిందా అండీ బిగించడానికి?" అంది వాళ్ళావిడ బకెట్టు కింద పెడుతూ.

మరుసటి రోజు మధ్యాహ్నం షెడ్డులో అందరూ క్యారేజీలు తీసుకుని చెట్టు నీడకు వెళ్ళారు. కుదురు మేస్త్రి కూడా వెళ్ళాడు. మూత తీశాడు, మూత పెట్టాడు. నట్టు కళ్ళముందే తిరుగుతోంది. కుడిపక్క బంక కొంచెం తక్కువ ఉబికిందా? వదులుగా ఉండిపోయిందేమో? నీళ్ళు ఒత్తుతాయి కదా, ఇంజను అదురుతుంది కదా, పిల్ల దాని మీదే నిలబడుతుంది కదా! ఊరికే చూసొద్దామని లేచాడు. నిజంగా చూడ్డానికే లేచాడు పాపం. లాంచీ ఎక్కి, అడుగు గదిలోకి దిగి, టార్చి వేసి చూశాడు. అంతా బాగానే ఉంది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే ఆయన కుదురు మేస్త్రి ఎందుకవుతాడు? పానా చేతిలో ఉంది. అది ఎప్పుడు జేబులోంచి వచ్చిందో ఆయన్నే అడగాలి. నట్టుకు తగిలించి పావు చుట్టు తిప్పాడు.

చేతికి తెలిసిపోయింది. గట్టిగా ఆగాల్సిన నట్టు మెత్తగా జరిగింది. కింద ఏదో ఊడివచ్చినట్టు చిన్నగా పీకింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని అలాగే ముంగాళ్ళ మీద కూర్చుండిపోయాడు. పైకి చూస్తే ఏ తేడా లేదు. ఏం కాలేదు, ఏం కాలేదు అని తనకు తానే చెప్పుకున్నాడు.

చెప్పేస్తే సరిపోయేది కదా అని మీరంటారు. చెబితే గొడుగు ఊడదీయాలి, పాత బంకంతా గీకాలి, మళ్ళీ పూయాలి, మళ్ళీ ఆరాలి. యజమాని చెప్పిన రోజు దాటిపోతుంది. కూతురు చుక్కాని పోతుంది. అదీ తన చేతుల మీదుగా. చెప్పకపోతే? ఏమో, పట్టుకునే ఉందేమో. ఈ రెంటి మధ్యా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అన్నం సయించలేదు. వీధిలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయేవాడు. కూతురు ఎదురుగా కూర్చుని తెర మీద అంకెలు ఎలా వస్తాయో చేతులు తిప్పుతూ తల్లికి చెబుతుంటే, ఆయన లేచి వీధి అరుగు మీదికి పోయేవాడు. "ఈ మనిషికి ఈసారి మరీ ముదిరింది" అంది వాళ్ళావిడ. చెబుదామని నోటిదాకా వచ్చేది, కూతురి ముఖంలో ఆ వెలుగు చూసి మింగేసేవాడు.

లాంచీ దిగే రోజు వచ్చింది. యజమాని ఇస్త్రీ బట్టల్లో, మెరిసే బూట్లతో వచ్చి చుక్కాని పక్కన నిలబడ్డాడు. లాంచీ పట్టాల మీదుగా మెల్లగా జారి నీళ్ళలో తేలింది. తాడు రేవు గుంజకు కట్టే ఉంది. కుదురు మేస్త్రి అడుగు గదిలో గొడుగు పక్కన కూర్చుని పేపరు ముక్క నట్టు చుట్టూ అద్దాడు. తీసి చూశాడు. పొడి. ఆయన గుండె ఎగిరి గంతేసింది. అయినా అరవలేదు. ఇంకాసేపు ఆగి మళ్ళీ అద్దాడు. పేపరు అంచున గింజంత మచ్చ. చూస్తుండగానే అది పాకి అక్షరాలు నల్లబడ్డాయి.

"నాన్నా!" పైనుంచి సరంగమ్మ కేక. "ఏమిటి సంగతి?"

ఆయన ఆ మచ్చ వంక చూశాడు. చాలా చిన్న చెమ్మ. పంపు చూసుకుంటుంది. ఇవాళ్టికి ఒక్కసారి వెళ్ళొస్తే చాలు, తరవాత రహస్యంగా బాగుచెయ్యొచ్చు. చుక్కాని పిల్లదవుతుంది. ఎవరికీ తెలీదు. నాలిక మీద పొడి అన్న మాటే ఉంది, ఇన్నేళ్ళుగా అలవాటైన మాట.

"తడి!" అని అరిచాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినబడింది.

పైన యజమాని గొంతు లేచింది. "తడేమిటయ్యా తడి? ఎంత?"

"చుక్క, సార్."

"చుక్కకేనా ఈ గోల? పంపుంది కదా! అమ్మాయ్, తాడు విప్పు. నాకు వేరే పనులున్నాయి. వెళ్ళొచ్చాక చూసుకుందాం."

"విప్పను సార్" అంది సరంగమ్మ.

"ఏమన్నావ్?"

"కింద తడి అన్నారు. నేను తాడు విప్పను."

"తేడా వస్తే నీకు చుక్కాని లేదని చెప్పానా లేదా?"

"చెప్పారు. అయినా విప్పను."

యజమాని ముఖం కందగడ్డ అయింది. "అయితే టికెట్ల గదిలోనే ఏడు!" అని రేవు మీదికి దూకి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. కుదురు మేస్త్రి పడుతూ లేస్తూ పైకొచ్చి, "సార్, తప్పు నాది, నట్టు నేను కదిపాను, అమ్మాయి వద్దంది" అని వెనకాలే అరిచాడు. యజమాని విన్నాడో లేదో తెలీదు. రేవులో మిగతావాళ్ళందరూ విన్నారు.

సరంగమ్మ కిందికి దిగి టార్చి వేసి చూసింది. నట్టు అంచున పానా పట్టిన కొత్త గీత మెరుస్తోంది.

"ఎప్పుడు?"

"బిగించిన మర్నాడు. భోజనాలప్పుడు."

"నేను దణ్ణం పెట్టి చెప్పాను నాన్నా."

"చెప్పావమ్మా."

"మరెందుకు?"

ఆయన పేపరు ముక్కను ఉండ చుట్టాడు. "భయం. నువ్వు దాని మీద నిలబడతావు కదా. నాకు ఇంకేం తోచదమ్మా, బిగించడం తప్ప. నీ మీద భయమేస్తే నాకు చేతులాగవు."

కోపంతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు పొడి అని ఉంటే, నేను ఇంకోమాట అడక్కుండా విప్పేసేదాన్ని. రేపు నర్సుల్నీ ఎక్కించుకునేదాన్ని. అది తెలుసా నీకు?"

తెలుసు. తెలిసే ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు. కానీ ఇన్ని రోజులు నోరు మూసుకున్నది కూడా అదే నోరు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అక్కణ్ణుంచి కదలాలని అనిపించలేదు, అది ఆయన జీవితంలో మొదటిసారి.

లాంచీ మళ్ళీ షెడ్డెక్కింది. సరంగమ్మ పగలు టికెట్లు చింపుతూ, గది చిన్న కిటికీలోంచి నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. తండ్రితో అవసరానికి మించి మాట్లాడలేదు. "పెరుగు వేయనా?" అంటే "ఊఁ." "రేపు వానొస్తుందంటావా?" అంటే "ఏమో." ఆయనకు ఆ మాటలు పుండు మీద కారం చల్లినట్టుండేవి. ఒకరోజు తెగించి, "నన్ను తిట్టవే తల్లీ, ఒక్కసారి గట్టిగా తిట్టు, నాకు ప్రాణం కుదుటపడుతుంది" అని బతిమాలాడు. "నీ ప్రాణం కుదుటపడ్డానికి నేను తిట్టాలా? తిట్టను" అందామె. వాళ్ళావిడ గరిట పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం టికెట్ల గది కిటికీ ముందు ఎవరో వచ్చి నిలబడ్డారు. సరంగమ్మ తలెత్తకుండానే "ఎన్ని?" అంది. తలెత్తి చూస్తే యజమాని. తొడలదాకా తడిసిన ప్యాంటు కాళ్ళకు అతుక్కుపోయి ఉంది. మెరిసే బూట్లు చేతిలో ఉన్నాయి, వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె పెదవి కొరుక్కుంది, లేకపోతే అక్కడే పగలబడి నవ్వి ఉండేది.

"పోటు తగ్గింది, ఇప్పుడొద్దు అన్నాడు వాడు. చిన్న పడవే కదా, పోనీ అన్నాను" అన్నాడు యజమాని కొత్త సరంగును తలుచుకుంటూ. "పోనిచ్చాడు, మేట ఎక్కించాడు. నేను పోనీ అంటే వాడు పోనివ్వడమేనా? ఇంత మనిషిని నేను, పిల్లలు చూస్తుండగా నీళ్ళలో నడిచొచ్చాను."

"కూర్చోండి సార్."

"కూర్చోను, తడి. ఆ రోజు నువ్వు విప్పలేదు." ఆయన బూటు తలకిందులు చేసి నీళ్ళు వంపాడు. "ఆ గొడుగు పని మళ్ళీ ఎప్పటికవుతుంది? అయ్యాక నువ్వే తీసుకెళ్ళు. కానీ మీ నాన్న ఆ నట్టు ముట్టుకున్నాడని తెలిసిందో, చూడు!"

ఇంటికి పరుగున వచ్చి ఈ సంగతి చెబుతూ సరంగమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ బూట్లు, ఆ ప్యాంటు, అన్నీ నటించి చూపించింది. వాళ్ళమ్మ కడుపు పట్టుకుని కూలబడింది. కుదురు మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు, అవి నవ్వుకు వచ్చిన నీళ్ళు కావు.

మళ్ళీ గొడుగు ఊడదీశారు. పాత బంక గీకే పని ఆయనే చేశాడు, ఒక్క పిసరు మిగలకుండా. కొత్త బంక పూశారు. ఈసారి ఆయన కింద పట్టుకుంటే, పైన నట్టు తిప్పిందీ ఆమే, పానా పట్టి ఆఖరి బిగింపు బిగించిందీ ఆమే. ఎంత బిగించిందో ఆయనకు కనబడలేదు. "సరిగ్గా ఉందా? బంక ఉబికిందా?" అని కింద నుంచి అడిగాడు. "ఉబికింది" అందామె. అంతే. పైకెక్కి చూడాలని ఒళ్ళంతా లాగింది. ఎక్కలేదు. అది ఆరే రోజులన్నీ ఆయన షెడ్డుకు వెళ్ళలేదు, సెలవు పెట్టాడు. ఇంట్లో ఉండి గోడలకు సున్నం వేశాడు, మంచాల మరలన్నీ బిగించాడు, పక్కింటివాళ్ళ గేటు బాగుచేశాడు, అది బాగానే ఉందని వాళ్ళు మొత్తుకుంటున్నా. "షెడ్డుకు పొమ్మని ఎవరైనా చెప్పండమ్మా, నా ఇల్లు ఆగమైపోతోంది" అని వాళ్ళావిడ వీధిలో వాపోయింది.

లాంచీ నీళ్ళలో దిగిన పొద్దున యజమాని రాలేదు. నర్సులు మాత్రం సంచులు భుజాన వేసుకుని రేవు మీద నిలబడ్డారు. నట్టు బిగించింది సరంగమ్మ కాబట్టి పద్ధతి ప్రకారం కింద కూర్చోవాల్సింది ఆమే. "నేనొచ్చేదాకా చుక్కాని దగ్గర నిలబడు నాన్నా. ఏమీ ముట్టుకోకు" అని పేపరు ముక్క తీసుకుని దిగిపోయింది.

ఆయన నిలబడ్డాడు. చుక్కాని చక్రం మీద రెండు చేతులూ వేసి, దాన్ని కదపకుండా, వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని నిలబడ్డాడు. కింద నుంచి మాట లేదు. నీళ్ళు లాంచీ పక్కలకు తగిలి చప్పుడు చేస్తున్నాయి. నర్సుల్లో ఒకామె గడియారం చూసుకుంది. ఇంకా మాట లేదు. ఒక్కసారి వంగి చూస్తే తప్పేముంది? మెట్ల దాకా వెళ్తే? ఆయన కాళ్ళు ఉన్నచోటే కదులుతున్నాయి, చెమట పట్టి చొక్కా వీపుకు అంటుకుంది. వెళ్ళలేదు. "అమ్మాయ్" అని పిలవబోయి పిలవలేదు.

చాలాసేపటికి మెట్ల మీద ఆమె తల కనబడింది. పైకొచ్చి, పేపరు ముక్కను మడత విప్పి ఆయన ముందు పెట్టింది. అక్షరాలన్నీ పొడిపొడిగా, అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"జరుగు నాన్నా" అందామె. "అది నా చోటు."

ఆయన జరిగాడు. నర్సులు ఒక్కొక్కరే ఎక్కి కూర్చున్నారు. ఆమె తెర స్విచ్చి వేసింది. అంకె వెలిగింది, రేవు కింద లోతు. ఆయన ఆ అంకెను తొంగి చూసి, బెంచీ చివర చోటు చేసుకుని కూర్చోబోయాడు.

"నువ్వు దిగు" అంది సరంగమ్మ.

"ఒక్కసారి వచ్చి చూస్తానే. మేట దాటేదాకా. మాట్లాడను, పక్కన కూర్చుంటా."

"వద్దు. దిగి తాడు విప్పు."

ఆ మాటలో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ నొప్పించింది. దిగాడు. గుంజకు చుట్టి ఉన్న తాడు దగ్గర వంగాడు. ఇన్నేళ్ళలో ఆ తాళ్ళను బిగించడానికి పట్టుకున్నాడే గానీ, విప్పడానికి ఎప్పుడూ పట్టుకోలేదు. ముడి తేలిగ్గానే వచ్చింది. తాడు కొస లాంచీలోకి విసిరాడు. లాంచీకీ రేవుకూ మధ్య నీళ్ళు సన్నగా కనబడి, వెడల్పయ్యాయి.

ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఆశపడ్డాడు. చూడలేదు. తెర మీద అంకెలూ, ముందున్న నీళ్ళూ, వాటి మీదే ఉన్నాయి ఆమె కళ్ళు. సరంగన్నవాళ్ళు అలాగే ఉండాలని ఆయనకూ తెలుసు. తెలిసినా ఒళ్ళు మండింది, ఏడుపొచ్చింది, అంతలోనే గర్వంతో ఛాతీ ఉబ్బింది. మూడూ ఒకేసారి వస్తే పాపం ఆ మనిషి ఏం చేస్తాడు? లాంచీ మేట ఉన్న వైపుకు మళ్ళి, కాస్త ఎడమకు జరిగి, నిదానించి, మళ్ళీ వేగం అందుకుని అవతలి ఒడ్డు దారి పట్టింది. ఇంక ఆయన చేతుల్లో చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, ఆమె తిరిగొచ్చేదాకా రేవు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు.